హాజరులో ఆఖరి పేరు

మా మాస్టరు పోయాడన్న మాట నాకు కువైట్ సిటీలోని షర్క్‌లో, ఒక ఆఫీసు మూడో అంతస్తులో తెలిసింది. అప్పుడు నేనూ, నాతో పనిచేసే రాయచోటి బాషన్నా ఒక టేకు తలుపును చెరోపక్క పట్టుకొని చట్రంలోకి ఎక్కిస్తున్నాం. కంపెనీ డ్రైవరు మెట్లెక్కి వచ్చి "మాస్టర్ ఖలాస్" అన్నాడు. అంతే. ఈ దేశంలో పని అయిపోయినా ఖలాసే, జీతం అయిపోయినా ఖలాసే, మనిషి అయిపోయినా ఖలాసే. తలుపు కింద పెడదామంటే కొత్తగా పరిచిన నేల, గీత పడుతుంది. గోడకు ఆనిద్దామంటే రంగు ఇంకా తడిగా ఉంది. ఆ బరువు చేతుల్లో పెట్టుకొని ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. చివరికి బాషన్న, "ముందు స్క్రూలు బిగించు అబ్బీ. తలుపు నిలబడినాక ఏడుస్తాం" అన్నాడు.

బిగించాను. ఆ తలుపు ఇప్పటికీ చప్పుడు లేకుండా మూసుకుంటుంది. మాస్టరు దగ్గర పని నేర్చుకున్నవాడి తలుపు చప్పుడు చెయ్యదు.

ఆయన మన దేశంవాడు కాదు. ఫిలిప్పీన్స్‌లో పంపాంగా అని ఒక సీమ ఉంది. చెరకు తోటలు, వరి మళ్లు, వానాకాలంలో వరదలు. అక్కడివాళ్లను కపంపాంగన్లు అంటారు. వాళ్ల భాష వాళ్లదే, వంట వాళ్లదే, పౌరుషమూ వాళ్లదే. మిగతా ఫిలిప్పీనోలు వాళ్లను గురించి మాట్లాడేది వింటే నాకు బెజవాడ హోటల్లో మా కడప యాసను వెక్కిరించినవాళ్లు గుర్తొచ్చేవాళ్లు. మాస్టరుది ఆ సీమలో కొయ్య చెక్కేవాళ్ల ఊరు. అక్కడ పిల్లలు బలపంతో పాటే ఉలి పడతారట. ఆయన ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆ జీతంతో ఇల్లు గడవక, ఉలి పట్టుకొని కువైట్ వచ్చాడు. ఖైతాన్‌లో మా కఫీల్‌కు, అంటే మా వీసా యజమానికి, ఉన్న వడ్రంగి షెడ్డులో ఫోర్‌మన్ అయ్యాడు. అందరం మాస్టరు అనే పిలిచేవాళ్లం.

ఆయన నాకు చదువు చెప్పాడని రాస్తే బాగుంటుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. చెప్పలేదు. నేను నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ని. రాయచోటిలో శనక్కాయల పొట్లాలు విప్పి వాటి మీద అచ్చయిన ముక్కలు కూడబలుక్కొని చదివాను. ఇక్కడికొచ్చాక పాత పేపర్లు చదివాను. నా చదువు నేనే సంపాదించుకున్నాను, దాన్ని చచ్చిపోయినవాడి ఖాతాలో వెయ్యను. ఆయన నాకు చెప్పింది వేరే. అది రాయడానికే కూర్చున్నాను.

ఆయన హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ మూడూ కలిపి దంచి మాట్లాడేవాడు. చిన్నవాణ్నని బాషన్న నన్ను "అబ్బీ" అని పిలవడం విని, అది గౌరవమైన మాట అనుకొని షెడ్డులో అందరినీ అబ్బీ అనడం మొదలుపెట్టాడు. ఒకసారి కఫీల్ కొడుకును కూడా అబ్బీ అన్నాడు. ఆ పిల్ల షేకు తనకేదో బిరుదు ఇచ్చారనుకొని నవ్వుతూ వెళ్లిపోయాడు. మాస్టరు మాటలు ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే నాకు అవి తెలుగులోనే గుర్తున్నాయి.

చేరిన కొత్తల్లో ఆయనతో నా మొదటి పేచీ టెంకాయ దగ్గర. ఎండిన టెంకాయను పీచుతో సహా రెండు చెక్కలు చేసి, లోపలి కాయ తీసేస్తే మిగిలే పీచు డొప్ప ఉంటుంది చూడండి, దాన్ని బోర్లించి, దాని మీద ఒక కాలు పెట్టి, చెక్క నేలను రుద్దేవాడాయన. ముందు మైనం, కిరసనాయిలు కలిపి పూస్తారు. తర్వాత కాలి కింద డొప్ప పెట్టుకొని ముందుకూ వెనక్కూ, నాట్యం చేసినట్టు. నేల అద్దమైపోతుంది. వాళ్ల ఊరి బళ్లో పిల్లలంతా ఇదే చేసేవాళ్లట. ఎవరి డొప్ప వాళ్లే ఇంటినుంచి తెచ్చుకోవాలి. శుక్రవారం సాయంత్రం ఇద్దరిద్దరు జోడీలుగా తరగతి గది రుద్దాలి. టీచరు కొడుకైనా, జమీందారు కొడుకైనా, చెరకు నరికేవాడి కొడుకైనా వంతు తప్పదు.

"కాలు పెట్టు" అన్నాడు నాతో.

"టెంకాయ మీద కాలు పెట్టను. మా ఊళ్లో దేవుడికి కొడతాం."

"లోపలి కాయ దేవుడికి. ఇది బయటి పీచు."

"బయటిదైనా దాని తోలే కదా. పెట్టను."

ఆయన కోప్పడలేదు. వంగి ఆ డొప్పను నా చేతికిచ్చాడు. ఆ రోజునుంచి ఆయన నిలబడి కాలితో రుద్దేవాడు, నేను మోకాళ్ల మీద కూర్చొని చేత్తో రుద్దేవాణ్ని. "నువ్వు వంగితే నాకు నడుము నొప్పి అబ్బీ" అనేవాడు. అంతకు మించి ఒక్కనాడూ బలవంతం చెయ్యలేదు.

కువైట్‌లో టెంకాయ దొరుకుతుంది, పీచు డొప్ప దొరకదు. ఓడ ఎక్కేముందే పీచు ఒలిచేస్తారు. అందుకని సెలవు మీద ఊరికి పోయినప్పుడు ఊరగాయ జాడీల మధ్య నాలుగు డొప్పలు కుక్కుకొని తెచ్చాను. విమానాశ్రయంలో పోలీసు వాటిని తిప్పి తిప్పి చూసి, "శునూ హాదా?" అన్నాడు. ఏమిటిది అని. నా వెనక నిలబడ్డ రాయచోటి ఆయన, "బంగారు ఇక్కణ్నించి తీసకపోయేటోళ్లను చూసినా, కసువు ఇక్కడికి తెచ్చేటోన్ని ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. మాస్టరు మాత్రం ఆ డొప్పలను చేతుల్లోకి తీసుకొని వాసన చూశాడు. తర్వాత రెండింటిని జోడు చేసి తన బల్ల కింద పెట్టుకున్నాడు.

పనిలో ఆయన చెప్పే కథలన్నీ ఆ నేల రుద్దే పిల్లలవే. ఆయన చేతికింద చదివినవాళ్లలో కొందరు పెద్దవాళ్లయ్యారు. పేర్లు చెప్పేవాడు, షెడ్డులోని ఫిలిప్పీనోలు నోరు తెరుచుకొని వినేవాళ్లు. మాకు ఆ పేర్లు తెలియవు. కాబట్టి మాకు పిల్లలే మిగిలేవాళ్లు, గొప్పవాళ్లు కాదు.

ఒక పిల్ల ఉండేదట. ఇప్పుడు వాళ్ల దేశమంతా రేడియోలో ఆమె పాటలే. ఆమె వంతు వస్తే డొప్ప కింద నేల చర్ చర్ మని తాళం వేసేదట. పాడొద్దంటే నోరు మూసుకొని కాలితో పాడేది. పక్క తరగతి టీచరు గోడ మీద కర్రతో కొట్టేవాడు. ఆమె జోడీ ఇంకో పిల్ల. గొంతు లేదు, కానీ చెక్క పలకల వరస తప్పనిచ్చేది కాదు. పాట మైకంలో ఆ పాడే పిల్ల పక్క వరసలోకి పోతే గౌను పట్టి లాగేది.

"ఆ జోడీ పిల్ల ఇప్పుడేం చేస్తాంది మాస్టరూ?" అన్నాడు బాషన్న.

"చక్కెర మిల్లు గేటు దగ్గర బియ్యప్పిండి రొట్టెలు అమ్ముతుంది. స్నేహితురాలి పాట వస్తే రేడియో గొంతు పెంచదు, తగ్గించదు. రొట్టెలు తిప్పుతూ వింటుంది."

ఇంకొకడు ఇప్పుడు వాళ్ల రాజధానిలో పెద్ద హోటలుకు వంటపెద్ద. వాడు చిన్నప్పుడు బడి తోట తవ్వే పిరియడులో పారిపోయి, వరి మడి గట్ల మీద మట్టిలో ఉండే కీచురాయి లాంటి పురుగులను పట్టి, తగరపు డబ్బా మూతలో వేయించేవాడట. వెల్లుల్లి, వెనిగర్ వేసి. ఆ వాసనకు లెక్కల పాఠం ఆగిపోయేదట. వాడి జోడీ బురదలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పురుగులను పట్టేవాడు. వంటవాడికి బురద అంటే అసహ్యం.

బాషన్న ఉమ్మేశాడు. "పురుగులు తిన్న్యోళ్లు గొప్పోళ్లయినారంట. చెప్పేటోనికి లేకపోతే వినేటోనికన్నా ఉండాల."

"మనం ఉసిళ్లు తినమా అన్నా? బొరుగుల్లో కలుపుకొని?" అన్నాను.

బాషన్న రంపం పళ్లు చూసుకుంటూ, "ఉసిళ్లకు రెక్కలుంటాయి. అది వేరే" అన్నాడు. మాస్టరుకు ఈ మాట అర్థం చేయించేసరికి ఆయన నవ్వి నవ్వి బల్ల పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత బాషన్న ఏ తప్పు పని చేసినా "దీనికి రెక్కలుంటాయా?" అని మాస్టరు అడిగేవాడు.

గొప్పవాళ్ల చిన్నతనం కథలు నేను పేపర్లలో చాలా చదివాను. అన్నీ ఒకే అచ్చు. చెప్పుల్లేకుండా నడిచాడు, వీధి దీపం కింద చదివాడు, తల్లి కన్నీళ్లు తుడిచాడు. మా వీధిలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లంతా ఇంకా చెప్పుల్లేకుండానే నడుస్తున్నారు, వాళ్ల గురించి ఎవడు రాశాడు? ఈ కోపం మాస్టరు మీదే చూపించాను ఒకరోజు. గొప్పవాడి కథ చెప్పేటప్పుడు ఆ రెండోవాడు మధ్యలో ఎందుకు, కథ పాడవుతుంది కదా, అని ఎగతాళిగా అడిగాను.

ఆయన ఉలి నూరుతూ అన్నాడు: "ఒక్కణ్ని గురించే చెప్తే అది ఎన్నికల పోస్టరు అబ్బీ. ఇద్దరిని గురించీ చెప్తే బడి."

ఇప్పుడు హాజరు సంగతి చెప్పాలి.

పొద్దున్నే షెడ్డు ముందు వ్యాను ఆగేది. ఎవరు షర్క్‌కు, ఎవరు రిగ్గైకి, ఎవరు షెడ్డులో అని పంచే ముందు మాస్టరు హాజరు పిలిచేవాడు. కాగితం లేదు, నోటికే. టీచరు అలవాటు, పోలేదు. మేము పిల్లల్లాగా "హాజర్" అనేవాళ్లం. అందరి పేర్లూ అయిపోయాక ఇంకో పేరు పిలిచేవాడు. దానికి ఎవరూ పలికేవాళ్లు కాదు. ఆయన ఒక్క క్షణం తలుపు వైపు చూసి, తర్వాత "యల్లా" అనేవాడు. పని మొదలు.

అది ఎవరో మా కఫీల్ దగ్గరనుంచి పారిపోయినవాడి పేరు అనుకున్నాం. మరేమనుకుంటాం? కువైట్‌లో ఇఖామా అనే నివాసపు కార్డు వదిలేసి పారిపోయినవాడి పేరు కొన్నాళ్లు అట్లాగే నలుగుతుంది. ఎవడో వాడు బస్రాలో ఉన్నాడన్నాడు. ఇంకెవడో పట్టుబడి జైల్లో ఉన్నాడన్నాడు. బాషన్న అయితే ఇంకా ముందుకు పోయాడు.

"నాకు బాగ గుర్తుండాడు. పొట్టోడు. నా గదిలోనే పండుకుంటా ఉన్న్యాడు. నా సబ్బు అంతా వాడే అరగదీసినాడు."

అట్లా ఆ మనిషికి మేమే ఒక మంచం, ఒక సబ్బు, ఒక పారిపోయిన కథ ఇచ్చేశాం.

నిజం తెలిసింది ఫిలిప్పీనో సంఘంవాళ్లు షెడ్డుకు వచ్చినప్పుడు. వాళ్ల దేశంలో పెద్ద పదవిలోకి వచ్చిన ఒకాయన కువైట్ వస్తున్నాడు, సభకు వేదిక కావాలి, చెక్కతో చెయ్యాలి. ఆ పెద్దాయన కపంపాంగన్. మా మాస్టరు దగ్గరే చదివాడు. సంఘంవాళ్లు వేదిక పని చెప్పి, మాస్టరును కూడా వేదిక ఎక్కమన్నారు. ఆ పెద్దాయన చిన్నప్పుడు బళ్లో ఎంత కష్టపడ్డాడో, పేద పిల్లలతో కలిసి నేల ఎట్లా రుద్దాడో నాలుగు మాటలు చెప్పాలి.

అప్పటికి మాస్టరుకు గుండె జబ్బు ముదిరింది. ఇంటికి పోయి ఆపరేషన్ చేయించుకోవాలని ఆసుపత్రిలో చెప్పారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర. అడిగినప్పుడల్లా బుక్రా. రేపు. ఈ కాంట్రాక్టు అయ్యాక, ఆ కాంట్రాక్టు అయ్యాక. మెట్లెక్కితే మధ్యలో కూర్చునేవాడు. పెదవులు నల్లబడేవి. సంఘంవాళ్లు స్పష్టంగానే చెప్పారు: పెద్దాయన నోటితో కఫీల్‌కు ఒక్క మాట చెబితే వారంలో విమానం ఎక్కవచ్చు. వేదిక మీద చెవిలో అడగండి, కాదనడు, మీ శిష్యుడే కదా.

వాళ్లు పోయాక నేను సంబరపడ్డాను. "అయిపోయింది మాస్టరూ, ఇంటికి పోతారు" అన్నాను.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. "అతని జోడీ ఎవరో నీకు చెప్పలేదు కదూ" అన్నాడు.

పెద్దాయన చెరకు ఎస్టేటు మేనేజరు కొడుకు. జోడీ చెరకు నరికేవాడి కొడుకు. శుక్రవారం వస్తే మేనేజరు కొడుక్కి కడుపునొప్పి. జోడీ రెండు డొప్పలూ తనే తెచ్చేవాడు. ఒక కాలితో తన వరస రుద్ది, మళ్లీ మొదటికి వచ్చి రెండో కాలితో అతని వరస రుద్దేవాడు. మా మాస్టరు పట్టుకుంటే, "వాడికి నిజంగానే నొప్పి సార్" అని వెనకేసుకొచ్చేవాడు. చదువుల్లో ఇద్దరూ సమానం. ఆ జోడీ పిల్లవాడు పెద్దయ్యాక చెరకు నరికేవాళ్ల తరఫున మాట్లాడేవాడయ్యాడు. ఒక తెల్లవారుజామున జీపులో వచ్చినవాళ్లు ఇంట్లోంచి తీసుకుపోయారు. ఆ రోజుల్లో వాళ్ల దేశంలో అట్లా చాలామంది పోయారట. మళ్లీ రాలేదు. శవమూ రాలేదు. తల్లి తిరగని ఆఫీసు లేదు. మాస్టరు సెలవు మీద పోయినప్పుడు ఆమె వచ్చి వాకిట్లో కూర్చుందట. "నీ పెద్ద శిష్యుడు ఎప్పుడైనా కనబడతాడు. వాడికి తెలుస్తుంది. నా కొడుకు ఎక్కడున్నాడో అడుగు. ఉన్నాడంటే ఎదురుచూస్తాను, లేడంటే దీపం పెట్టుకుంటాను." మాస్టరు అడుగుతానని మాటిచ్చాడు.

"రోజూ పొద్దున పిలుస్తున్నానే, ఆ ఆఖరి పేరు అతనిదే" అన్నాడు.

షెడ్డులో రంపం ఆగిపోయింది. బాషన్న ముఖం పాలిపోయింది. "నాతో పండుకుంటా ఉన్న్యాడని నేను... సబ్బు అని..."

"నువ్వు తప్పేం చెప్పలేదు అబ్బీ" అన్నాడు మాస్టరు. "అతను పొట్టివాడే."

నేను అడిగాను, రాడని తెలిసి రోజూ ఎందుకు పిలవడం అని. ఆయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "రాడని తెలిసినా పిలవాలి. పిలవకపోతే, రాలేదని కూడా ఎవరికీ తెలియదు."

ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఆ తల్లి ఇంకా ఆ ఊళ్లోనే ఉంది.

వేదిక మేమే కట్టాం. సభ ముందు రోజు నేల రుద్దడానికి మాస్టరు, నేను మిగిలాం. ఆయన కాలితో రుద్దబోయాడు, రెండు ఊపులకే ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన వరస కూడా నేనే రుద్దాను, చేత్తో. ఆయన చూస్తూ, "మంచి జోడీ దొరికింది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "జోడీ సంగతి తర్వాత మాస్టరూ, రేపు ఏమడుగుతారు?" అన్నాను. ఆయన వేలు చాచి, రుద్దుతున్న చోట వదిలేసిన ఒక మరక చూపించాడు.

సభలో నేను వేదిక పక్కన, తెర చాటున నిలబడ్డాను, పలకలేవైనా కదిలితే చూడడానికి. వాళ్ల మాటలు నా పక్కనున్న ఫిలిప్పీనో ఎలక్ట్రీషియన్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మాస్టరు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. ఆయన ఊళ్లో అట్లాంటి నేల మీదికి చెప్పులతో పోరు. పెద్దాయన బూట్లతోనే ఉన్నాడు.

మైకు ఇచ్చారు. మాస్టరు, "మంచి తెలివైన పిల్లవాడు. లెక్కల్లో ముందుండేవాడు. శుక్రవారం మాత్రం కడుపునొప్పి వచ్చేది" అన్నాడు. జనం నవ్వారు. పెద్దాయన కూడా పొట్ట పట్టుకొని నవ్వాడు. ఎంత బాగా నవ్వాడంటే, ఇంకేముంది, ఇప్పుడు అడుగుతాడు, ఇంటికి పోతాడు అనుకున్నాను.

మాస్టరు అతని వైపు తిరిగాడు. "నీ వంతు కూడా నీ జోడీయే రుద్దేవాడు" అని పేరు చెప్పాడు. రోజూ పొద్దున పిలిచే గొంతుతోనే చెప్పాడు. ఆ ఒక్క మాటకు ఎలక్ట్రీషియన్ అవసరం నాకు లేదు. తర్వాత అడిగాడు: "వాళ్లమ్మ నన్ను అడగమంది. అతను ఎక్కడున్నాడు?"

నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. సంఘం అధ్యక్షుడు మైకు కోసం చెయ్యి చాచాడు. మాస్టరు ఇవ్వలేదు. ఆయన అతని ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు, హాజరు పిలిచి జవాబు కోసం ఆగిన టీచరులాగా. పెద్దాయన లేచి వచ్చి మాస్టరు భుజం మీద చెయ్యి వేసి, జనం వైపు తిరిగి, "చూశారా, మా మాస్టారు ఇన్నేళ్ల తర్వాత కూడా పిల్లలందరినీ గుర్తుపెట్టుకున్నారు" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. ఎలక్ట్రీషియన్ కొట్టలేదు. బ్యాండు మొదలైంది. పెద్దాయన తన కుర్చీకి తిరిగి పోతుంటే నేను అతని కాళ్లే చూశాను. నున్నటి నేల మీద జారతానేమోనని చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ పోయాడు. ఆ నేల మీద నడవడం అతనికి చేతకాదు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో నేను అరిచాను. ఉన్నది ఒక్క అవకాశం, దాన్ని రాని మనిషి కోసం తగలేశారు, ఇంటి దగ్గర మీ పిల్లలకు ఏం జవాబు చెప్తారు అన్నాను. బాషన్న, "గమ్మునుండు అబ్బీ, ఆయన ఊపిరి చూడు" అన్నాడు. నేను ఉండలేదు. రెండూ అడగాల్సింది అన్నాను.

"రెండూ అడిగితే ఒకటే వింటాడు" అన్నాడు మాస్టరు. "సులభమైనది."

మాస్టరు పోయాడు కాబట్టి ఆయన చేసింది నాకు నచ్చిందని రాస్తారు ఎవరైనా. నేను రాయను. ఆయన తన కోసం అడిగి ఉండాల్సింది. ఇంటికి పోయి, ఆపరేషన్ చేయించుకొని, ఆ తల్లి వాకిట్లో తనే కూర్చొని చెప్పాల్సింది. ఈ మాట ఆయన బతికుండగా అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆయన్ను చంపింది ఆ ప్రశ్న కాదు. తాళం వేసిన బీరువాలో పాస్‌పోర్టు పెట్టుకొని బుక్రా అన్నవాడు ఒకడు. సభ తర్వాత మాస్టరు కనిపిస్తే ముఖం తిప్పుకున్న సంఘంవాళ్లు ఇంకొకరు. కఫీల్‌తో మాట్లాడతామన్న మాట మళ్లీ వాళ్ల నోట రాలేదు.

ఆయన ఒక శుక్రవారం పొద్దున, బయటికి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చొని, అట్లాగే ఒరిగిపోయాడు. సెలవు రోజైనా షర్క్ పని ఆగకూడదని మమ్మల్ని పంపారు కాబట్టి మేము దగ్గర లేము. ఇన్నాళ్లూ దొరకని పాస్‌పోర్టు ఆ రోజే బయటికి వచ్చింది. శవానికి బుక్రా లేదు. పెట్టె మేమే చేస్తామన్నాం. చేతకానివాళ్లం కాదు కదా, వడ్రంగులం. కుదరదు, దానికి వేరే పద్ధతి ఉంది అన్నారు. ఎవరో చేసిన పెట్టెలో, మూలలు సరిగా కలవని పెట్టెలో పోయాడు మా మాస్టరు. ఆ మూలలు ఆయన చూసి ఉంటే విప్పించేవాడు.

సంఘంవాళ్లు సంతాప సభ పెట్టారు. ఫలానా మహనీయుడి గురువు అన్నారు. పెద్దాయన పంపిన తంతి చదివారు. ఆ గురువు అడిగిన ప్రశ్న ఒక్కరూ చదవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన చెప్పిన కథల్లోని పిల్లల్లో గొప్పవాళ్లకు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. రొట్టెలమ్మే పిల్లకు, బురదలో చెయ్యి పెట్టినవాడికి, రెండు కాళ్లతో రెండు వరసలు రుద్దినవాడికి ఆయన ఒక్కడే ఉన్నాడు. అంతమందికి ఒక్కడే.

ఆయన పెట్టె విమానం ఎక్కిన మర్నాడు కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. కేరళ మనిషి, చెడ్డవాడేం కాదు. కాగితం చూసి హాజరు పిలిచాడు. మేము పలికాం. కాగితం మడిచి జేబులో పెట్టుకొని "యల్లా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అనుకొని చేసింది కాదు. కాళ్లు కదల్లేదు, అంతే.

"క్యా హువా?" అన్నాడు ఆయన.

బాషన్న గొంతు సవరించుకున్నాడు. "ఇంకొక పేరుంది సార్" అని హిందీలో చెప్పి, రాయచోటి నోటితో, ఒత్తులన్నీ తప్పుగా, ఆ పేరు చెప్పాడు.

"కాగితంలో లేదే. ఎవరు? ఎక్కడున్నాడు?"

"యాడున్నాడో తెలీదు. పొట్టోడు" అన్నాడు బాషన్న తెలుగులోనే. తర్వాత మళ్లీ హిందీలో, "మీరు పిలవండి సార్. పిలిస్తే చాలు" అన్నాడు.

కొత్తాయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. ఏమనుకున్నాడో, పిలిచాడు. రంపాలు ఇంకా నడవలేదు. షెడ్డు పెద్ద తలుపు సగం తీసి ఉంది, పొద్దుటి ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది, నిన్నటి రంపపు పొట్టు అందులో లేచి తేలుతోంది. మాస్టరు బల్ల కింద రెండు డొప్పలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అరిగి నున్నగా, ఇంకొకటి పీచు నిక్కబొడుచుకొని, ఇంకా ఎవరి కాలూ పడకుండా. మేమందరం తలుపు వైపు చూస్తూ నిలబడ్డాం.